మర కడిగిన పిండి

నా కూతురు ఐదు నెలల్లో వంద గ్రాములు పెరిగింది. వంద గ్రాములంటే మా కొట్లో సంచుల మూతులు కుట్టే పురికొస ఉండ బరువు. ఐదేళ్ళు నిండిన పిల్ల పన్నెండు కిలోల ఏడు వందలు తూగుతోందని డాక్టరమ్మ కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని నావైపు తిప్పింది. ఇరవై రెండేళ్ళుగా తూకాలు చూసి బతుకుతున్నవాణ్ణి. ఆ అంకె ఎంత తక్కువో నాకు ఒకరు చూపించాలా?

"రక్తపరీక్షలో కూడా అనుకున్నంత మార్పు లేదు," అంది ఆవిడ. "గోధుమ ఇంకా ఎక్కడినుంచో పాప కడుపులోకి పోతోంది."

"మా ఇంట్లో గోధుమ గింజ లేదండీ. పాపకి సీలియాక్ జబ్బు, గోధుమ పడదు అని మీరు చెప్పిన రోజే తీసి బయట పెట్టాం. మేమూ తినడం లేదు."

"గింజే పోవాలని లేదు. చిటికెడు చాలు, పేగు లోపలి పొర మళ్ళీ పుండవుతుంది. అది మానితేగానీ తిన్నది ఒంటికి పట్టదు." ఆవిడ కలం మూత పెట్టింది. "మూడు నెలలు చూస్తాను. కనీసం ఒక కిలో పెరగాలి. లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి వస్తుంది."

మా ఆవిడ ఒళ్ళో కూర్చున్న పిల్ల రెండు చేతులతోనూ తన ముక్కు మూసుకుంది.

దాన్ని మేము పిచ్చుక అని పిలుస్తాం. తినేది అంతేనని ముద్దుగా పెట్టుకున్న పేరు. చేతులూ కాళ్ళూ పుల్లలు, పొట్ట మాత్రం బుట్ట. అది జబ్బు అని తెలియక ముందు నాలుగేళ్ళు ఆ పేరుతో పిలుస్తూ నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది, కానీ అది వేరే పేరుకి పలకదు.

నాకు పిండిమర ఉంది. మా తాత పెట్టింది. ముందు కొట్టు, వెనక మర. ముందు నేను కూర్చుంటాను, వెనక మర దగ్గర మా అక్క మొగుడు, అంటే మా బావ, పదిహేడేళ్ళుగా నిలబడి ఉన్నాడు. రోజుకి పట్టేదాంట్లో ముప్పాతిక మూడొంతులు గోధుమే. అలాంటివాడి కూతురికి గోధుమ పడదని తేలింది. చుట్టాల్లో ఎంతమంది ఎన్ని రకాలుగా నవ్వారో చెప్పను. మా బావ అయితే మొహమ్మీదే అన్నాడు: "నీకు పుట్టిన దానికి నీ సరుకు నచ్చలేదు బామ్మర్దీ. దానికి తెలివి ఎక్కువ."

నవ్వాను ఆ రోజు. మూడు నెలల గడువు విన్నాక నవ్వు పోయింది. మిగిలింది కోపం, తరుగు లెక్క.

మా వ్యాపారంలో తరుగు అంటే బరువు నష్టం. యాభై కిలోలు మరలో పోస్తే నలభై తొమ్మిది రావాలి, ఒక కిలో దుమ్ముగా పోతుంది. నలభై ఎనిమిదే వస్తే ఎవడో తీసుకుంటున్నట్టు. పిల్ల రోజూ తింటోంది, ఒంటికి పట్టడం లేదు. అంటే ఎవరో దానికి పెట్టకూడనిది పెడుతున్నారు. ఆ మనిషిని పట్టుకోవాలి. నా బుర్రకి తోచింది అంతే.

ముందు బడికి వెళ్ళాను. టీచరమ్మ బల్ల మీద రంగు పెన్సిళ్ళు ఏరుతోంది.

"మా పాపకి పక్క పిల్లలు ఏమైనా పెడుతున్నారా?" అన్నాను, కూర్చోకుండానే.

"మీ పాప డబ్బా మూత నేనే తీస్తానండీ. నా పక్కనే కూర్చుని తింటుంది. ఇంకొకరి డబ్బా ముట్టదు."

"చిన్నపిల్లలు కదా. మీ కళ్ళుగప్పి..."

"నా కళ్ళ సంగతి అలా ఉంచండి. డబ్బా రోజూ సగం వెనక్కొస్తోంది. రొట్టె తింటే కడుపులో గుచ్చుతోందని మీ పాప నాతో చెబుతోంది. మీతో చెప్పడం లేదా?"

చెప్పలేదు. నాకెందుకు చెప్పదు అన్న ప్రశ్న రావలసింది అక్కడ. నాకు వచ్చింది కోపమే. మా ఇంటి రొట్టెకి వంక పెట్టిందని ఆవిడ మీద. మొక్కజొన్న పిండీ, బియ్యప్పిండీ కలిపి మా ఆవిడ స్వయంగా కాల్చే రొట్టె అది. పిండి నా మరలోది. బయట దొరికే పొట్లాల్లో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు?

తరువాత అనుమానం మా అత్తగారి మీద పడింది. పిల్లకి జబ్బని తెలిసినప్పటినుంచి ఆవిడ మా ఇంట్లోనే ఉంటోంది. పిల్లకి తినిపించేది ఆవిడే. ఒక్కో ముద్దకీ ఒక్కో అబద్ధం చెప్పేది. ఈ ముద్ద చీమల రాణి పంపింది, ఈ ముద్ద తింటే మీ నాన్న మీసం ఊడిపోతుంది అని. పిల్ల నా మీసం ఊడాలన్న ఆశతో నాలుగు ముద్దలు ఎక్కువ తినేది.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ మంచం కిందకి పిల్ల బంతి వెళ్ళింది. వంగి తీయబోతే బంతితోపాటు బిస్కెట్ల పొట్లం కాగితం వచ్చింది. ఖాళీది. గోధుమ బిస్కెట్లు.

"ఇదేమిటండీ?" అన్నాను.

ఆవిడ ఎర్రబడిపోయింది. "నేను తిన్నాను బాబూ. టీలోకి. రెండేసి. పిల్ల బడికెళ్ళాక, తలుపేసుకుని."

"మీరు తిన్నారో, అది ఏడిస్తే పెట్టారో."

"పిల్లకి పెడతానా? దాని వాంతులు ఎత్తిపోసేది నేను."

"మరి బరువెందుకు పెరగలేదు? గాలి తిని చిక్కిపోతోందా? అరవై ఏళ్ళొచ్చాయి, టీలోకి బిస్కెట్టు లేకపోతే ప్రాణం పోతుందా మీకు?"

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, ఆపండి," అంది. ఆపలేదు. మూడు నెలల్లో రెండు వారాలు అప్పుడే అయిపోయాయి. నోటికొచ్చింది అన్నాను. మనవరాలి నోట్లో విషం పెడుతున్నారన్న మాట కూడా అందులో ఉంది.

అత్తగారు లేచి వెళ్ళి పెట్టె తీసింది. చీరలు సర్దుకుంది. పోతూ మా ఆవిడతో అంది, "బియ్యం కడిగి ఎండబెట్టి ఇంట్లోనే దంచుకోమని మొదట్లోనే చెప్పానే. వినిపించుకున్నవాడెవడు?" అని. నిజమే, చెప్పింది. పిండిమర ఉన్నవాడి ఇంట్లో రోకలి చప్పుడు వినబడితే నా సరుకు ఎవడు నమ్ముతాడని నేనే వద్దన్నాను.

ఆవిడ వెళ్ళింది. దొంగని పట్టుకున్నానని నాకు ధీమా. ప్రతి ఆదివారం పిల్లని కొట్టుకి తీసుకెళ్ళి సంచులు తూచే కాటా మీద నిలబెట్టేవాణ్ణి. యాభై గ్రాముల తేడా కూడా చూపించే కాటా అది. మొదటి ఆదివారం, ఏమీ లేదు. రెండో ఆదివారం, యాభై తగ్గింది. మూడో ఆదివారం, ఇంకో వంద తగ్గింది. చీమల రాణి లేక ముద్దలు దిగడం లేదని మా ఆవిడ అంది. నేను కాటా మీద అరిచాను. పిల్ల కాటా మీదే ఉంది.

అసలు సంగతి నా నోటినుంచే బయటపడింది, అదీ గొప్పలు చెప్పుకుంటూ.

కుట్టుపని చేసే ఒకావిడ నాలుగు కిలోల బియ్యం పట్టించుకోవడానికి వచ్చింది. వేలికి ఇంకా దారం చుట్టుకుని ఉంది. మరలోంచి గోధుమపిండి వాసన వస్తోంది.

"ఇప్పటిదాకా గోధుమ పట్టారా?" అంది. "అయితే నేను రేపొస్తాను. వేరే మరలో పట్టిస్తే బియ్యప్పిండి ఎర్రగా వచ్చింది. సగం గోధుమే."

"రేపటిదాకా ఎందుకమ్మా? మేము గోధుమ తర్వాత మర కడుగుతాం."

"నీళ్ళతోనా?"

"నీళ్ళు పోస్తే రాళ్ళు పాడైపోవూ? బియ్యంతో కడుగుతాం. మా సొంత బియ్యం రెండు కిలోలు ముందు పోస్తాం. రాళ్ళ మధ్య, గొట్టంలో అంటుకున్న గోధుమంతా ఆ రెండు కిలోలతో వచ్చేస్తుంది. ఆ తర్వాత పడేదే మీ పిండి, పాలలా ఉంటుంది."

"మరి ఆ రెండు కిలోలు ఎవరికి అంటగడతారు?"

ఆవిడ చిలిపిగానే అడిగింది. నాకు పౌరుషం వచ్చింది. "ఇంతవరకు ఎవరికీ అమ్మలేదమ్మా. మా తాత కాలంనుంచీ అదే పద్ధతి. కల్తీ పిండి ఖాతాదారుకి ఇవ్వం, పారెయ్యం కూడా. అది మా ఇంటికే పోతుంది. మా ఇంట్లో అందరూ అదే..."

మాట అక్కడ ఆగింది. నా కుర్చీ పక్కన ఒక చిన్న గుడ్డసంచి ఉంది. ఎప్పుడూ ఉండేదే. మర కడిగిన పిండి బావ అందులో పోసి, మూతి కట్టి, నా కుర్చీ పక్కన పెడతాడు. సాయంత్రం నేను పట్టుకుపోతాను. దాన్ని మా ఇంట్లో బియ్యప్పిండి అంటారు. పుట్టినప్పటినుంచి నేను తిన్నది అదే. డాక్టరమ్మ గోధుమ మానమంటే గోధుమపిండి డబ్బా ఖాళీ చేశాం. పక్కనున్న బియ్యప్పిండి డబ్బాని ఎందుకు ముట్టుకుంటాం? మొక్కజొన్న పిండి కూడా అంతే. అదీ మర కడిగిందే.

పొద్దున జావ, సాయంత్రం రొట్టె. ఐదు నెలలపైన ఐదు వారాలు. మూడు వందల డెబ్బై సార్లకి తక్కువ కాదు. పరాయివాళ్ళకి పనికిరాదని పక్కన పెట్టిన పిండి మూడు వందల డెబ్బై సార్లు నా పిల్లకి తినిపించాను.

"ఏమైందండీ?" అంది కుట్టుపని ఆవిడ.

నేను లేచి ఆ సంచిని ఒక్క తన్ను తన్నాను. అది గోడకి కొట్టుకుని, మూతి విడి, పిండి గుమ్మం దాకా పరుచుకుంది. మర చప్పుడు ఆగింది. బావ బయటికొచ్చాడు, కనుబొమలు కూడా తెల్లగా.

"సంచి ఏం చేసింది నిన్ను?"

"నీకు తెలీదా?" అని అరిచాను. "పిల్లకి గోధుమ పడదని తెలుసు. ఇందులో గోధుమ ఉందని తెలుసు. పదిహేడేళ్ళుగా నీ చేత్తోనే నింపుతున్నావు. ఒక్కరోజైనా నోరు తెరిచి చెప్పావా?"

బావ భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నేను నింపేవాణ్ణి. ఎవరింటికి పోవాలో చెప్పేవాడివి నువ్వు. ఆ సంచి మీద 'ఇల్లు' అని సిరాతో రాసింది ఎవరు? నావా ఆ అక్షరాలు? నాకు రాతే రాదు కదా."

కుట్టుపని ఆవిడ తన బియ్యం తీసుకుని, పిండి తొక్కకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. రెండు డబ్బాలూ తీసి బోర్లించింది. గంటెలు, పెనం, చెక్క పీట, జల్లెడ అన్నీ గుమ్మం బయట పెట్టింది. ఆ తర్వాత నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఆ చొక్కా?" అంది.

"చొక్కాకేమైంది?"

"దులుపు."

దులిపాను. ఎండలో పిండి లేచింది. రోజూ సాయంత్రం అది పరిగెత్తుకొచ్చి మొహం దాచుకునేది ఈ చొక్కాలోనే. ఆ చేతులతోనే దాని నోట్లో పండు ముక్క పెట్టేవాణ్ణి.

"మా అమ్మ తిన్న బిస్కెట్లు రెండు," అంది మా ఆవిడ. "తలుపేసుకుని తింది. మీరు బస్తా భుజాన వేసుకుని వచ్చారు. ఇప్పుడు అనండి, ఆవిడని ఏమేమన్నారో అవన్నీ. అద్దం ముందు నిలబడి అనండి."

ఆ రోజునుంచి పద్ధతి మార్చాను. మరలో ఆడిన ఏ పిండీ గుమ్మం దాటకూడదు. వెనక కుళాయి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఇంటికి రావాలి. జావకి బియ్యం కడిగి, ఎండబెట్టి, కొత్త రోట్లో దంచాలి. రోకలి చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. ఎదురింటాయన "మర చెడిపోయిందా?" అని అడిగితే, "నేనే చెడిపోయాను," అన్నాను. రెండోసారి అడగలేదు.

కొట్టు ముందు బోర్డు కూడా పెట్టాను: ఈ మరలో గోధుమ ఆడుతుంది, గోధుమ పడనివాళ్ళు ఇక్కడ ఏదీ పట్టించుకోవద్దు అని. బావ దాన్ని ఎవరిచేతో చదివించుకుని, "ఇంకో నాలుగు ఇలాంటివి పెట్టు, ఇద్దరం ఇంట్లో పడుకోవచ్చు," అన్నాడు. కానీ తీసెయ్యలేదు. తన వంతుగా ఇంకో పని చేశాడు. మర కడిగిన పిండి కోళ్ళు పెంచేవాడికి ఇచ్చేస్తున్నాడు, నన్ను అడక్కుండా.

అత్తగారి దగ్గరికి వెళ్ళడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆవిడ కొడుకు ఇల్లు మూడో అంతస్తు. తలుపు ఆవిడే తీసింది. లోపలికి రమ్మనలేదు.

"పొరపాటు నాది అత్తయ్యా," అన్నాను. పిండి సంగతంతా చెప్పాను.

చివరిదాకా వింది. "ఇప్పుడు నన్ను క్షమించమని అడగడానికి వచ్చారా, పిల్లకి తినిపించే మనిషి కావాలని వచ్చారా?"

"రెండూ."

"మొదటిది అబద్ధం."

"సగం అబద్ధం," అన్నాను. వ్యాపారిని, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే లాభమనిపించింది.

ఆవిడ నవ్వలేదు. "మీరన్న మాటలు నేను మర్చిపోను బాబూ. మర్చిపోయానని ఎప్పుడైనా అంటే నమ్మకండి. వస్తాను, దాని కోసం. మీతో మాట్లాడను. నేను తినిపించేటప్పుడు మీరు ఆ గదిలోకి రాకూడదు." లోపలికి వెళ్ళి, సంచితో తిరిగి వచ్చింది. నేను రాకముందే సర్దిపెట్టుకున్నట్టుంది. సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఇక బరువు దానంతటదే పెరుగుతుందనుకున్నాను. సంచి చిల్లు దొరికింది, కుట్టేశాను, ఇక నిండాలి కదా. మొదటి ఆదివారం ఏమీ లేదు. రెండో ఆదివారం కూడా. నాకు పిచ్చెక్కింది. పిల్ల ముందే అన్నాను, "తిన్నదంతా ఎక్కడ పెడుతున్నావే?" అని.

మూడో ఆదివారం కాటా ఎక్కింది. నాలుగు వందలు ఎక్కువ. మళ్ళీ చూశాను. నాలుగు వందలే. బావని పిలిచాను. "చూడు, చూడు," అంటూ పిల్లని చంకల కింద పట్టుకుని గాల్లోకి లేపాను. దాని గౌను జేబులోంచి ఏదో జారి కాటా రేకు మీద ఠంగున పడింది. కాటా సరిగ్గా ఉందో లేదో పొద్దున్నే చూసుకోవడానికి బల్ల మీద పెట్టుకునే తూకపు రాయి. రెండు వందల గ్రాములది. రెండో జేబులో ఇంకొకటి.

నలుగురూ చూస్తుండగా కాటాలో మోసం జరిగితే మా వీధిలో ఏం చేస్తారో నాకు తెలుసు. నా చెయ్యి లేచింది. నిజమే రాస్తున్నాను, లేచింది.

పిల్ల కళ్ళు మూసుకుంది. "నువ్వు అరవకుండా ఉంటావని," అంది.

చెయ్యి ఎక్కడ దించాలో తెలియలేదు. బావ వచ్చి రాళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లని ఎత్తుకోబోయి, తన ఒంటి మీద పిండి చూసుకుని, ఆగిపోయాడు. "నువ్వు ఇంట్లో కూడా ఖాతాదారు లాగానే ఉన్నావు బామ్మర్దీ," అన్నాడు. "తూకం తగ్గితే గొడవ, అంతే. పో, స్నానం చేసి దీన్ని ఇంటికి తీసుకుపో. ఇంకెప్పుడూ ఇక్కడికి తేకు. ఈ దుమ్ములోకి ప్రతివారం తెస్తున్నావు, నీకు బుద్ధుందా?"

ఆ దుమ్ము సంగతి కూడా నాకు తోచలేదు. బరువు పెరిగిందా అని చూడటానికి, బరువు పెరగనివ్వనిదాని మధ్యలో నిలబెడుతున్నాను. కోపమంటే కళ్ళు ఎర్రబడటమని అనుకునేవాణ్ణి. కళ్ళు పోవడమని అప్పుడు తెలిసింది.

మళ్ళీ తూచలేదు. తూచకుండా ఉన్న ఆ ఐదు వారాలంత పొడుగు వారాలు నా జన్మలో చూడలేదు. తినేటప్పుడు గది బయట కూర్చునేవాణ్ణి. లోపల అత్తగారి గొంతు వినబడేది. ఈ ముద్దకి మీ నాన్న ఎడమ మీసం పోతుంది, ఈ ముద్దకి కుడిది. గుడ్డు, బంగాళదుంప, అన్నం, నెయ్యి. ఒక్కో రోజు గిన్నె ఖాళీగా వచ్చేది, ఒక్కో రోజు సగం. అడగకుండా ఉండటం నేర్చుకున్నాను. అడక్కుండా లోపల లోపల ఉడికిపోవడం కూడా.

గడువు రోజున నలుగురం ఆసుపత్రికి వెళ్ళాం. తూచే గది తలుపు దగ్గర పిచ్చుక నా చెయ్యి వదిలేసింది. "నువ్వు రాకు నాన్నా. అమ్మమ్మ వస్తుంది."

వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడకి పిల్లల ఎదుగుదల పటం ఉంది. ఐదేళ్ళకి ఎంత ఉండాలో గీతలు గీసి ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి నేల మీద గచ్చు పలకలు లెక్కపెట్టాను. నూట నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను.

మా ఆవిడ బయటికి వచ్చి పక్కన కూర్చుంది. "పదమూడు కిలోల ఎనిమిది వందలు," అంది.

అంటే కిలో నూరు. ఆదివారాల తూకంలో తగ్గినదానితో కలిపితే ఇంకా ఎక్కువే.

"గొట్టం అక్కర్లేదంది. ఈ వయసుకి ఇంకా మూడు, నాలుగు కిలోలు తక్కువేనట. ఏడాది పైన పడుతుందట. దగ్గరుండి చూసుకోమంది." మా ఆవిడ నావైపు తిరిగింది. "మిమ్మల్ని కాదు. అమ్మని చూసి అంది."

అత్తగారూ, పిల్లా బయటికి వచ్చారు. పిల్ల మొహం ముడుచుకుని ఉంది. సూది గుచ్చినచోట దూది. నేను లేచి దాని ఎదురుగా నిలబడ్డాను. అదే ముందు అంది.

"ఆకలేస్తోంది."

పుట్టి ఐదున్నరేళ్ళలో అది తనంతట తాను అడిగిన మొదటిసారి. మేము ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. డబ్బా ఇంట్లో మర్చిపోయాం.

"ఏమీ తేలేదా?" అంది. కాలు నేలకేసి కొట్టింది. "నాకు ఆకలేస్తుంటే ఏమీ తేలేదా? అంత పెద్ద కొట్టు ఉంది కదా నీకు." వసారాలో జనమంతా తిరిగి చూశారు. దాని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

మెట్లు రెండేసి దిగి, గేటు బయట అరటిపళ్ళ బండి దగ్గరికి పరిగెత్తాను. అరడజను తెచ్చాను. అది మెట్ల మీదే కూర్చుని, ఒకటి తిని, రెండోది తిని, తొక్క నా చేతిలో పెట్టి మూడోదానికి చెయ్యి చాపింది.

"చాలమ్మా, అరగదు," అంది అత్తగారు.

"తిననివ్వండి," అని అరిచాను. మెట్లు ఎక్కుతున్న ఒకాయన ఆగిపోయాడు. అత్తగారు మా ఇంటికి తిరిగొచ్చాక మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. "అరవకండి. దాని కడుపు సంగతి నాకు తెలుసు," అంది. మూడో పండు వలిచి, సగం విరిచి పిల్ల చేతిలో పెట్టి, మిగతా సగం తనే తినేసింది.